ఏడేళ్ల విరామం తర్వాత క్రూయిజ్‌లో స్కూబా రిఫ్రెషర్: ఎక్కడ చేయాలి, ఎక్కడ చేయకూడదు

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతలో విషయం ఇది. ఏడేళ్ల క్రితం అండమాన్‌లోని హేవ్‌లాక్‌లో స్కూబా డైవింగ్‌లో మొదటి మెట్టయిన ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ తీసుకున్నారు, ఆ తర్వాత మళ్లీ నీళ్లలోకి దిగలేదు. ఇప్పుడు డాలస్‌లో ఉంటున్నారు. థాంక్స్‌గివింగ్ సెలవుల్లో తల్లిదండ్రులు, భార్యాపిల్లలతో కలిసి గాల్వెస్టన్ నుంచి ఏడు రాత్రుల క్రూయిజ్‌కు వెళుతున్నారు. ఓడ వరుసగా హోండురాస్‌లోని రోవటాన్ దీవి, మెక్సికోలోని కోస్టా మాయా, కోజుమెల్ దీవి రేవుల్లో ఆగుతుంది. మరచిన పద్ధతులను మళ్లీ సాధన చేయించే రిఫ్రెషర్ కోర్సును ఓడలోనో రేవులోనో పూర్తిచేసి, అదే ప్రయాణంలో రెండు మూడు డైవ్‌లు చేయవచ్చా అని అడిగారు. రెండేళ్లుగా బీపీ మాత్ర వేసుకుంటున్నానని చివర్లో ఒక్క వాక్యంలో రాశారు. నా దృష్టిలో మీ ప్రశ్న మొత్తంలో ముఖ్యమైన వాక్యం అదే, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

సూటిగా చెప్పాలంటే, చేయవచ్చు. అయితే నా సలహా అది కాదు. రిఫ్రెషర్‌ను బయలుదేరడానికి రెండు మూడు వారాల ముందే డాలస్‌లో ఏదైనా డైవ్ షాపు కొలనులో పూర్తిచేసుకోండి. అది ఏ విధంగానూ కుదరకపోతే రోవటాన్‌లో చేయండి, ఆ రోజుకు అదొక్కటే పనిగా పెట్టుకోండి. కోజుమెల్‌లో మాత్రం రిఫ్రెషర్ పెట్టుకోవద్దు. ఓడలో నేర్పుతారన్న ఆశ మీద అసలే ప్రణాళిక వేసుకోవద్దు. నేను మొదట హేవ్‌లాక్‌లోనూ, తర్వాత హ్యూస్టన్‌లోనూ శిక్షకుడిగా పనిచేశాను. ఈ మూడు ఏర్పాట్లలోనూ రిఫ్రెషర్ చేసినవారిని చూశాను కాబట్టి కారణాలు కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ సర్టిఫికెట్‌కు గడువు లేదు. శిక్షణ సంస్థలైన పాడీ, ఎస్‌ఎస్‌ఐలలో ఎవరి కార్డు అయినా ఒకసారి వస్తే వచ్చినట్టే. కానీ మిమ్మల్ని పడవ ఎక్కించుకోవాలా వద్దా అన్నది డైవ్ నడిపేవారి నిర్ణయం. క్రూయిజ్ సంస్థలు తమ విహారాల జాబితాలో పెట్టే డైవ్‌లకు సాధారణంగా గత ఏడాదిలోనో రెండేళ్లలోనో డైవ్ చేసి ఉండాలన్న షరతు ఉంటుంది. ఆరు నెలల నుంచి ఏడాది వరకు విరామం వస్తేనే రిఫ్రెషర్ మంచిదని శిక్షకులు చెబుతారు, అలాంటిది ఏడేళ్ల విరామం గురించి వాదించడానికి ఏమీ లేదు.

ఈత, సైకిలు ఒకసారి వస్తే మరచిపోలేమని అంటారు. డైవింగ్ విషయంలో ఆ మాట సగమే నిజం. తేలడం, ఫిన్స్ తన్నడం గుర్తుంటాయి. పోయేది ఆపదలో చెయ్యి దానంతటదే చేయవలసిన పని. హేవ్‌లాక్‌లో నా దగ్గరకు విజయవాడ నుంచి ఒక బ్యాంకు అధికారి వచ్చారు. నలభై డైవ్‌ల లాగ్‌బుక్ ఉంది, తొమ్మిదేళ్ల విరామం ఉంది. "నాకు అన్నీ తెలుసండీ, ఒకసారి చూపిస్తే చాలు" అన్నారు. రెండు మీటర్ల లోతులో మోకాళ్ల మీద కూర్చోబెట్టి, మాస్క్‌లోకి సగం వరకు నీళ్లు రానిచ్చి ముక్కుతో ఊది బయటికి పంపమన్నాను. నీళ్లు ముక్కును తాకగానే ఆయన ముక్కుతో గాలి పీల్చారు. మరుక్షణం కళ్లు పెద్దవయ్యాయి, ఒక చెయ్యి నోట్లో పెట్టుకుని గాలి పీల్చే రెగ్యులేటర్ మీదికి, రెండో చెయ్యి పైకి. నేను ఆయన బీసీడీ (గాలి నింపుకుని తేలే జాకెట్) పట్టీని పట్టుకుని ఉండకపోతే ఊపిరి బిగబట్టి ఒక్క తన్నుతో పైకి వచ్చేసేవారు. అంత తక్కువ లోతులో ఏమవుతుందిలే అనుకోవద్దు. నిండా గాలి పీల్చుకుని బిగబడితే మీటరు పైచిలుకు లోతు నుంచి పైకి రావడమే ఊపిరితిత్తులకు గాయం చేయగలదని మాకు శిక్షణలో మొదటి వారంలోనే నేర్పుతారు. ఆయనకు ఆ ఒక్క పని నాలుగోసారికి కుదిరింది. నాలుగుసార్లు చేయించడానికి మాకు దాదాపు నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలు మాకు ఉన్నాయి కాబట్టే మధ్యాహ్నం నిమో రీఫ్ అనే పగడాల దిబ్బ దగ్గర ఆయన హాయిగా డైవ్ చేశారు.

మీ ప్రణాళికలో లేనిది సరిగ్గా ఆ నలభై నిమిషాలే.

ముందు ఓడ సంగతి చెబుతాను, అది చిన్నదే. ఓడలో స్కూబా పాఠాలు అన్న మాట పూర్తిగా కట్టుకథ కాదు. రాయల్ కరీబియన్ వారి ఒయాసిస్ తరగతి ఓడల్లో వెనుక భాగాన ప్రదర్శనల కోసం కట్టిన ఆక్వాథియేటర్ కొలను చాలా లోతైనది, అలాంటిచోట స్కూబా పాఠాలు నేర్పిన సందర్భాలు ఉన్నాయి. కానీ మిగిలిన ఓడల్లో కొలను మనిషి ఎత్తుకు అటూ ఇటూ ఉంటుంది, సముద్రంలో సాగే రోజున పిల్లలతో కిటకిటలాడుతుంది, కెరటాలు ఎక్కువైతే వల కట్టి మూసేస్తారు. మీరు ఎక్కబోయే ఓడలో, మీరు వెళ్లే తేదీల్లో శిక్షకుడు ఉన్నాడని క్రూయిజ్ సంస్థ రాతపూర్వకంగా చెబితే తప్ప దీన్ని లెక్కలోకి తీసుకోకండి.

ఇక రేవు. ఓడ ఉదయం ఎనిమిదికి చేరిందనుకోండి. దిగి బయటికి వచ్చేసరికి ఎనిమిదిన్నర, టాక్సీలో షాపుకు చేరేసరికి తొమ్మిది. కాగితాలు, సిద్ధాంతం మీద పాత పాఠాల పునశ్చరణ, పరికరాలు సరిచూసుకోవడం, ఆ తర్వాత నీళ్లలో గంటన్నర. ఏ తొందరా లేకుండా చేస్తే పన్నెండున్నర అవుతుంది. ఓడ సాయంత్రం నాలుగున్నరకో అయిదుకో బయలుదేరుతుంది, అంతకు అరగంట నుంచి గంట ముందే ఎక్కి ఉండాలి. ఈ లెక్కలో మధ్యాహ్నం పడవ డైవ్‌కు చోటు లేదు. అందుకే కొన్ని షాపులు రిఫ్రెషర్‌ను, డైవ్‌ను కలిపి అమ్ముతాయి: తీరం దగ్గర ఇరవై నిమిషాలు మాస్క్, రెగ్యులేటర్ చూపించి, అటునుంచి అటే రీఫ్ మీదికి తీసుకుపోతారు. నిన్నటిదాకా డైవ్ చేసినవాడికి అది సరిపోతుంది, మీకు సరిపోదు. ఇంకొక చిక్కు కూడా ఉంది. రిఫ్రెషర్‌లో అసలు విలువైన మాట "ఈరోజు మీరు సిద్ధంగా లేరు, రేపు రండి" అన్నది. రేపు మరో దేశంలో ఉండే మనిషికి ఆ మాట చెప్పడం ఏ శిక్షకుడికైనా కష్టం, వినడం మీకు ఇంకా కష్టం. డాలస్ కొలనులో ఆ మాట చెబితే వచ్చే శనివారం మళ్లీ వెళ్తారు, అంతే.

కోజుమెల్ ఎందుకు వద్దంటున్నానంటే, అక్కడి డైవింగ్ ప్రవాహంతో పాటు కొట్టుకుపోయే డ్రిఫ్ట్ డైవింగ్. పడవ లంగరు వేయదు, మిమ్మల్ని ఒకచోట దింపి, బుడగలను చూసుకుంటూ వెంట వచ్చి, మీరు తేలినచోట ఎక్కించుకుంటుంది. దిగడం అందరూ ఒకేసారి దిగాలి. "నాకు చెవి పట్టేసింది, ఒక్క నిమిషం" అంటే ఆ నిమిషంలో గుంపు ఎంతో దూరం పోయి ఉంటుంది. పలాంకార్ లాంటి పేరున్న రీఫ్‌ల మీద మొదటి డైవ్ తరచుగా ఇరవై మీటర్లు దాటుతుంది, మీ ఓపెన్ వాటర్ పరిమితి 18 మీటర్లు. నవంబరులో ఉత్తరపు గాలులు మొదలవుతాయి, అవి ముదిరితే చిన్న పడవలకు రేవు మూసేస్తారు. అంతా సవ్యంగా ఉన్నప్పుడు మాత్రం 27 డిగ్రీలకు అటూ ఇటూ ఉండే ఆ నీళ్లలో కోజుమెల్ డైవ్ జీవితాంతం గుర్తుండేంత అందంగా ఉంటుంది. అందుకే అక్కడికి తయారై వెళ్లమంటున్నాను.

రోవటాన్ పరిస్థితి వేరు. రీఫ్ ఒడ్డుకు దగ్గరగా ఉంటుంది, ఇసుక నేల ఉన్న లోతు తక్కువ చోట్లు దొరుకుతాయి, ప్రవాహం సాధారణంగా తక్కువ. పైగా మీ వరుసలో అది మొదటి రేవు. కాబట్టి కొలను అసలు కుదరనివారు అక్కడ రిఫ్రెషర్ చేసి, కోజుమెల్‌లో రెండో డైవ్‌గా వెళ్లే పారడైజ్ లాంటి 12, 14 మీటర్ల రీఫ్ ఒకటి చూసుకుని తృప్తిపడవచ్చు. డాలస్‌లోనే రిఫ్రెషర్ చేసినా రోవటాన్‌లో ఒక నెమ్మదైన డైవ్ చేశాకే కోజుమెల్‌లో దిగమని నా సలహా.

ఒక చిన్న విషయం, కానీ దీనివల్ల డైవ్ పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. కోజుమెల్, కోస్టా మాయా ఉన్న క్వింటానా రో రాష్ట్రం 2015 నుంచి ఏడాది పొడవునా ఒకే సమయాన్ని పాటిస్తోంది. వేసవిలో అది టెక్సస్ సమయంతో సరిపోతుంది. నవంబరులో మన గడియారాలు వెనక్కి తిప్పుకున్నాక కోజుమెల్ మనకన్నా ఒక గంట ముందుంటుంది. ఓడ గాల్వెస్టన్ సమయాన్నే పాటిస్తుంటే, "తొమ్మిదింటికి పడవ" అని షాపువాళ్లు చెప్పింది మీ ఓడ గడియారంలో ఎనిమిది. బుక్ చేసేటప్పుడు అది ఏ సమయమో అడిగి రాసుకోండి. ఫోను దానంతటది సమయం మార్చుకుంటుంది కాబట్టి దాన్ని నమ్మకుండా చేతికి ఓడ సమయం పెట్టిన గడియారం కట్టుకోండి.

ఇప్పుడు బీపీ మాత్ర. రిఫ్రెషర్ ఎక్కడ చేసినా నీళ్లలోకి దిగేముందు ఆరోగ్య ప్రశ్నావళి నింపాలి. అందులో వైద్యుడు రాసిన మందులు ఏవైనా వాడుతున్నారా అన్న ప్రశ్న ఉంటుంది. మీ జవాబు అవును. ఆ ఒక్క అవునుతో వైద్యుడి సంతకం లేకుండా మిమ్మల్ని దింపకూడదు. రేవులో ఉదయం తొమ్మిది గంటలకు ఈ సంగతి బయటపడితే అక్కడ సంతకం పెట్టే వైద్యుడు ఉండడు, ఓడలోని వైద్యుడు కూడా మామూలుగా పెట్టడు. అప్పుడు మిగిలేవి రెండే దారులు: డైవ్ మానుకోవడం, లేదా "కాదు" అని రాసేయడం. రెండోది ఎంతమంది చేస్తారో నాకు తెలుసు, అది చేయవద్దు. ప్రమాదం జరిగితే ముందుగా తీసి చూసే కాగితం అదే. బీపీ అదుపులో ఉంటే చాలామందికి అనుమతి దొరుకుతుంది. కొన్ని రకాల బీపీ మందులు శ్రమపడినప్పుడు గుండె వేగాన్ని పెరగనివ్వవు కాబట్టి మీ వైద్యుడు మందు పేరు చూసి, డైవింగ్ అని తెలిసి సంతకం చేయాలి. ఆ ఫారం సాధారణంగా ఏడాది పాటు చెల్లుతుంది. రెండు ప్రతులు తీసుకుని, ఒకటి ఫోనులో ఫోటోగా కూడా పెట్టుకోండి. డాలస్‌లో ముందే రిఫ్రెషర్ చేస్తే వచ్చే లాభాల్లో ఇది కూడా ఒకటి. చిక్కు ఏదైనా ఉంటే ఇంటి దగ్గరే బయటపడుతుంది.

రిఫ్రెషర్‌లో ఏం జరుగుతుందో చెబుతాను. పాడీ వారి రీయాక్టివేట్ అయినా, ఎస్‌ఎస్‌ఐ వారి స్కిల్స్ అప్‌డేట్ అయినా సిద్ధాంత భాగం ఆన్‌లైన్‌లో ఇంట్లోనే చదువుకోవచ్చు, తర్వాత పరికరాలు, నీళ్లలో సాధన కలిపి రెండు మూడు గంటలు. మాస్క్ పూర్తిగా తీసి పెట్టుకోవడం, నోటి నుంచి జారిన రెగ్యులేటర్‌ను వెతికి పట్టుకోవడం, గాలి అయిపోతే తోటివాడి రెండో రెగ్యులేటర్ తీసుకోవడం, నేల తాకకుండా ఒకే ఎత్తులో నిలవడం. ఈ నాలుగూ తడబాటు లేకుండా వరుసగా రెండుసార్లు వచ్చేవరకు బయటికి రాకండి. శిక్షకుడు "బాగానే ఉంది" అన్నా, మీకు అనుమానం ఉంటే మరోసారి అడగండి, డబ్బు కట్టింది అందుకే.

పరికరాల తనిఖీ గురించి మాత్రం నా తప్పే చెబుతాను. అండమాన్ వదిలి అమెరికా వచ్చాక పద్నాలుగు నెలలు నేను నీళ్లలోకి దిగలేదు. శిక్షకుణ్ణి కదా అన్న ధీమాతో రిఫ్రెషర్ లేకుండానే కరీబియన్‌లో ఒక పడవ ఎక్కాను. పడవ మీద ఎవరో నా ట్యాంకు వాల్వు తెరిచిపెట్టారు, నేను రెగ్యులేటర్‌తో ఒక్కసారి ఊపిరి పీల్చి సరేననుకుని దూకాను. పన్నెండు మీటర్ల దగ్గర గాలి బిగుసుకుంది, సన్నటి గొట్టంతో చిక్కటి మజ్జిగ పీలుస్తున్నట్టు. ట్యాంకులో గాలి ఒత్తిడి చూపే గేజ్ చూస్తే, పీల్చినప్పుడల్లా ముల్లు 180 నుంచి 60కి పడి మళ్లీ లేస్తోంది. వాల్వు పావుచుట్టే తెరిచి ఉంది. పైన ఆ సన్నని సందు సరిపోయింది, లోతుకు పోయేకొద్దీ ఒక్కో ఊపిరికి ఎక్కువ గాలి కావాలి కాబట్టి అక్కడ చాలలేదు. నాతో జోడీగా దిగిన డైవర్ వెనక్కి వచ్చి వాల్వు తిప్పింది, బతికిపోయాను. అప్పటి నుంచి నా దగ్గర నేర్చుకునే ప్రతి ఒక్కరికీ ఒకటే చెబుతాను: దూకేముందు గేజ్ చూస్తూ నాలుగు నిండు ఊపిరులు పీల్చండి, ముల్లు కదలకూడదు. ఇది మీ ఓపెన్ వాటర్ పాఠాల్లోనే ఉంది. నాకూ ఉంది, నేను నేర్పేవాణ్ణి కూడా. ఆ అలవాటు పోవడానికి పద్నాలుగు నెలలు చాలు.

మునగడానికి కట్టుకునే బరువుల విషయంలో పాత లాగ్‌బుక్‌ను నమ్మకండి, ఏడేళ్లలో మీ ఒళ్లు మారి ఉంటుంది, సూటు మారుతుంది. పైగా డాలస్ కొలను మంచినీళ్లు. లీటరు సముద్రపు నీరు సుమారు 1.025 కిలోలు తూగుతుంది కాబట్టి పరికరాలతో కలిపి వంద కిలోలుండే మనిషికి సముద్రంలో దాదాపు రెండున్నర కిలోలు ఎక్కువ కావాలి. కొలనులో నాలుగు సరిపోతే అక్కడ ఆరున్నర నుంచి మొదలుపెట్టి సరిచూసుకోండి. మామూలు అల్యూమినియం ట్యాంకులో డైవ్ అంతా వాడే గాలి బరువే రెండు కిలోలదాకా ఉంటుంది, చివర్లో అంత తేలికవుతారు. ఆ లెక్క ఇందులో కలపాలి. లేకపోతే పైకి వచ్చేముందు అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగే సేఫ్టీ స్టాప్‌లో నిలవలేక పైకి తేలిపోతారు.

గాలి లెక్క కూడా ఒకసారి వేసుకోండి. 11 లీటర్ల ట్యాంకులో 200 బార్ (గాలి ఒత్తిడి కొలత) అంటే సుమారు 2,200 లీటర్లు. యాభై బార్ మిగిల్చాలి కాబట్టి మీ చేతిలో ఉన్నది 1,650. నిమ్మళంగా ఉన్న మనిషి ఉపరితలం మీద నిమిషానికి 20 లీటర్లు పీలుస్తాడనుకుంటే, ఒత్తిడి 2.8 రెట్లుండే 18 మీటర్ల దగ్గర 56 లీటర్లు, అంటే అరగంట. కంగారులో ఉన్నవాడు 30 పీలుస్తాడు, అతనికి ఇరవై నిమిషాలు కూడా రావు. అదే మనిషి పది మీటర్ల దగ్గర ఉంటే సుమారు 27 నిమిషాలు. మొదటి డైవ్ తక్కువ లోతులో చేయమనడానికి ఇదొక్కటి చాలు.

క్రూయిజ్‌కు మాత్రమే చెందిన కొన్ని జాగ్రత్తలున్నాయి. రేవుకు ముందురోజు రాత్రి మద్యం వద్దు, డ్రింక్ ప్యాకేజీకి కట్టిన డబ్బు గురించి ఆలోచించకండి. ఓడ ఊగినప్పుడు వాంతులకు వేసుకునే మాత్రల్లో చాలావరకు మత్తునిస్తాయి, ఏది వేసుకోవచ్చో బీపీ ఫారంతో పాటే వైద్యుణ్ణి అడగండి, ఇంటి దగ్గరే ఒకసారి వేసుకుని చూడండి. జలుబు చేస్తే డైవ్ మానేయండి. ముక్కు దిబ్బడ తగ్గించే మందు వేసుకుని దిగితే, దాని ప్రభావం లోపల ఉండగానే తగ్గి, పైకి వచ్చేటప్పుడు చెవిలో గాలి చిక్కుకుపోతుంది. మీ సొంత మాస్క్ తెచ్చుకోండి, కళ్లద్దాలు వాడేవారైతే పవర్ మాస్క్. కత్తి, చేతి తొడుగులు తేవద్దు, కోజుమెల్ సముద్ర పార్కులో రెండూ నిషిద్ధం, కత్తిని ఓడ ఎక్కేటప్పుడే తీసేసుకుంటారు. మామూలు ప్రయాణ బీమాలో డైవింగ్ ప్రమాదాలు ఉన్నాయో లేదో చదవండి, లేకపోతే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ బీమా తీసుకోండి. మరీ తొందరగా పైకి వచ్చి జబ్బుపడినవారికి చికిత్స చేసే డీకంప్రెషన్ చాంబర్ ఓడ వైద్యశాలలో ఉండదు.

విమానం గురించి అడగలేదు కానీ చెబుతాను. ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, వరుస డైవ్‌ల తర్వాత 18 గంటలు ఆగాలన్నది అమల్లో ఉన్న మార్గదర్శకం. కోజుమెల్ తర్వాత మీకు ఒక పూర్తి సముద్రపు రోజు ఉంది, గాల్వెస్టన్ నుంచి ఎలాగూ కారులోనే వెళ్తారు, కాబట్టి మీకు ఇబ్బంది లేదు. ఇదే ఓడకు వేరే ఊళ్ల నుంచి విమానంలో వచ్చే బంధువులు ఉంటే వాళ్లకు చెప్పండి.

ఇంకొక దారి ఉంది, సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు అది చిన్నతనంగా అనిపిస్తుంది. నవంబరులోగా కొలనుకు వెళ్లే తీరిక దొరకకపోతే, రోవటాన్‌లో మొదటిసారి వచ్చేవాళ్లకు చేయించే పరిచయ డైవ్‌నే మీ భార్యతో కలిసి చేయండి. శిక్షకుడు చెయ్యి అందేంత దూరంలో ఉంటాడు, లోతు 12 మీటర్లు దాటదు, ఆరోగ్య ఫారం మాత్రం దానికీ కావాలి. నిజం చెప్పాలంటే ఏడేళ్ల తర్వాత మీ ఇద్దరి స్థాయి దాదాపు ఒకటే.

ఈ వారంలో చేయవలసినవి రెండు: వైద్యుడి అపాయింట్‌మెంట్, డాలస్‌లో ఒక షాపుకు ఫోను. షాపువాళ్లను రిఫ్రెషర్‌లో ఎంతమంది ఉంటారని అడగండి, నలుగురికి మించితే వేరే రోజు అడగండి. మందు పేరు చూసి డైవింగ్‌కు పనికిరాదని వైద్యుడు అంటే ఇక్కడే రాయండి, మందు మార్చుకుని మళ్లీ డైవింగ్‌కు వచ్చిన ఇద్దరు ముగ్గురు నాకు తెలుసు, వాళ్లకు ఎంత సమయం పట్టిందో చెబుతాను.